రాత్రి డ్యూటీలో ఎవరున్నారో చూడండి

నమస్తే అండి. మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉంది, ఇంగ్లండ్ వెళ్తానంటోంది. మీ ఫోన్‌కేమో అక్కడివాళ్లు "మీ దేశానికి పొండి" అంటూ ఊరేగుతున్న వీడియోలు వస్తున్నాయి. వలస వెళ్లినవాళ్లు, శరణార్థులు నిజంగా ఆ దేశానికి బరువేనా, అక్కడి ఆసుపత్రులకు వాళ్ల వల్ల ఒరిగేదేమైనా ఉందా అన్నది మీ సందేహం. చివర్లో ఇంకో మాట రాశారు. మీ ఊళ్లో రొయ్యల చెరువుల మీద ఒడిశా, బీహార్ వాళ్లు నిండిపోయారని, వాళ్ల గురించి మీ వారు అనే మాటా ఆ వీడియోల్లో మాటా ఒకేలా వినిపిస్తోందని. ఆ చివరి మాట రాశారు కాబట్టే ఇంత పొడుగ్గా జవాబు రాయాలనిపించింది.

నాది అమలాపురం దగ్గర పల్లెటూరు. జనరల్ నర్సింగ్ చేసి పదేళ్లు ఇక్కడ, 2003 నుంచి 2021 దాకా ఇంగ్లండ్‌లో పనిచేశాను, ఎక్కువ కాలం ముసలివాళ్ల వార్డుల్లోనే. ఇప్పుడు మళ్లీ మా ఊళ్లో ఉంటున్నాను.

ముందు లెక్క చెప్తాను. అక్కడి ప్రభుత్వ వైద్య సేవను ఎన్‌హెచ్‌ఎస్ అంటారు. 1948 జులై 5న మొదలైంది. ఒక్క ఇంగ్లండ్‌లోనే ఇవాళ అందులో దాదాపు 15 లక్షల మంది పనిచేస్తున్నారు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు బ్రిటిష్ పౌరులు కారు. డాక్టర్లలో అయితే మూడో వంతుకు పైనే. బయటి దేశాలవాళ్లలో అందరికంటే ఎక్కువ మంది మన భారతీయులే. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. నాతో పనిచేసిన మలయాళీ సిస్టర్లు చాలామంది ఎప్పుడో తీసుకున్నారు, వాళ్లనూ కలిపితే సంఖ్య ఇంకా పెద్దది.

ఆ ఐదో మనిషి ఏ వేళకి పనిలో ఉంటాడన్నది మాత్రం ఈ లెక్కలో కనపడదు. నా వార్డులో ఇరవై ఎనిమిది మంచాలు. తుంటి విరిగి ఆపరేషనైన పెద్దావిడ ఉంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు కింద పుండు పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఆ మంచం చుట్టూ నిలబడేది నలుగురం. ఒకామె జింబాబ్వే, ఒకామె మనీలా, ఒకామె కొట్టాయం, నేను కోనసీమ. "వన్, టూ, త్రీ" అన్న మూడు ముక్కలు నలుగురి నోట నాలుగు రకాలుగా పలికేవి, మనిషి మాత్రం ఒక్కసారే తిరిగేది. తిప్పాక టార్చి వేసి మడమలు, నడుము కింద ఎముక చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే నెత్తురు ఆడుతోందన్నమాట. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైపోయినట్టే. తెల్లటి చర్మం మీద ఇది సులువుగా తెలుస్తుంది. మన రంగు చర్మం మీద తెలియదు, అక్కడ వేడి, గట్టిదనం చేత్తో తడిమి చూడాలి. ఈ రెండో సంగతి ఆ వార్డులో కొత్తగా చేరినవాళ్లకు మేమే చెప్పేవాళ్లం.

వేలితో నొక్కి చూడడం నాకు నేర్పింది ఇంగ్లండ్ కాదు. 1990ల మొదట్లో నేను ఇక్కడ కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు మా వార్డు సిస్టర్ మలయాళీ. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా సిస్టర్ అంటే మలయాళీ సిస్టరే అనుకునేవాళ్లు. మనవాళ్లు ఆడపిల్లల్ని నర్సింగుకు పంపడానికి వెనకాడేవారు. పరాయి మగవాళ్ల ఒళ్లు ముట్టుకోవాలి, రాత్రిళ్లు బయట ఉండాలి, పెళ్లి సంబంధాలు రావు అనేవాళ్లు. ఆ ఖాళీని కేరళ అమ్మాయిలు వచ్చి నింపారు. మా సిస్టర్ తెలుగు చివరిదాకా వంకరగానే మాట్లాడింది. "అమ్మా, నువ్వు తిరుగు, నేను చూస్తాడు" అనేది. నవ్వేవాళ్లు నవ్వేవారు గానీ, 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరి చెట్లన్నీ నేలకూలి, వెయ్యి మందికి పైగా చనిపోయి, తర్వాత వాంతులు విరేచనాలతో జనం వార్డులోకి వచ్చిపడ్డప్పుడు ఆవిడ మూడు రోజులు ఇంటి మొహం చూడలేదు. సెలైన్లు అయిపోతే కుండల్లో ఓఆర్‌ఎస్ కలిపించింది, గ్లాసుతో కాదు, చెంచాతో తాగించమని ప్రతి తల్లి దగ్గరా కూర్చుని చూపించింది. ఆ ఓఆర్‌ఎస్‌కీ ఒక కథ ఉంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు పోటెత్తినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా పుట్టింది. సెలైన్ బాటిళ్లు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను నోటితో తాగించి వేలమందిని బతికించారు. అది అంత మందికి, అంత బాగా పనిచేస్తుందని లోకం నమ్మింది శరణార్థుల శిబిరం చూశాకే.

ఇంగ్లండ్ సంగతికి వస్తాను. ముసలివాళ్ల వైద్యం, అంటే జీరియాట్రిక్స్, 1950, 60ల్లో అక్కడి డాక్టర్లు పెద్దగా ఇష్టపడని విభాగం. పేరున్న ఉద్యోగాలు తమవాళ్లకు పోగా మిగిలినవి ఇండియా, పాకిస్తాన్, శ్రీలంక నుంచి వెళ్లిన డాక్టర్లకు దక్కేవి. ఆ మిగిలినదాన్ని పట్టుకుని వాళ్లు ఒక మంచి విభాగంగా నిలబెట్టారు. వేల్స్ బొగ్గుగనుల ఊళ్లలో కూడా అంతే. స్థానిక డాక్టర్లు వెళ్లని రోండా లోయలో తరాల తరబడి ఫ్యామిలీ డాక్టర్ అంటే మన దేశం నుంచి వెళ్లినాయనే.

కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్ నాటికి అక్కడ మొదట ప్రాణాలు పోగొట్టుకున్న పది మంది డాక్టర్లూ ఆసియా, ఆఫ్రికా, అరబ్ మూలాలవాళ్లే. ప్రధాని బోరిస్ జాన్సన్ ఆసుపత్రి నుంచి బయటికొచ్చి, తన మంచం పక్కన రెండు రాత్రులు కాపలా ఉన్న ఇద్దరు నర్సుల పేర్లు చెప్పి కృతజ్ఞత తెలిపారు. ఒకామె న్యూజిలాండ్, ఒకతను పోర్చుగల్. అప్పటికి బయటి దేశం నుంచి వచ్చిన నర్సు జీతంలో పన్ను కట్టి, పైగా వైద్యం కోసం ఏడాదికి 400 పౌండ్లు వేరే రుసుం కట్టాలి. తాను పనిచేసే ఆసుపత్రిలో తాను చూపించుకోవడానికి అన్నమాట. ఆ మే నెలలో గొడవయ్యాకే వైద్య సిబ్బందికి దాన్ని తీసేశారు. 2024 ఆగస్టులో అల్లర్లు జరిగినప్పుడు సండర్లాండ్‌లో అత్యవసర డ్యూటీకి వెళ్తున్న ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సుల టాక్సీ మీద రాళ్లు వేశారు. మీ ఫోన్‌లో వీడియో అబద్ధం కాదండి. కానీ ఆ రాత్రి రాయి తగిలిన అల్లరిమూకలో మనిషి ఆసుపత్రికి వెళ్తే కట్టు కట్టింది ఎవరై ఉంటారో మీరే ఊహించండి.

బరువు అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఒక చిన్న ఊరికి ఒక్కసారిగా ఎక్కువ మంది వస్తే ఇళ్ల అద్దెలు పెరుగుతాయి, బడిలో సీట్లు చాలవు. నేను ఉన్న ఊళ్లోనే చూశాను. అది ప్రభుత్వం ముందుగా ఇళ్లు కట్టకపోవడం వల్ల వచ్చిన తంటా. వచ్చిన మనిషి మాత్రం ఇరవై అయిదేళ్ల వయసులో, చదువు పూర్తి చేసుకుని, నడుం వంచి పనిచేయడానికి వస్తాడు. పుట్టినప్పటి నుంచి ఆ వయసు దాకా అయిన ఖర్చు ఇంకో దేశం పెట్టింది. మీ అమ్మాయికి ఫీజు కట్టింది మీరు. ఆ చదువు ఫలం మొదట అందుకునేది వాళ్లు.

శరణార్థుల విషయం వేరు. వాళ్లు ఉద్యోగం చూసుకుని బయలుదేరరు, ప్రాణం దక్కించుకుని వస్తారు. అయినా చూడండి. హిట్లర్ పాలన నుంచి పారిపోయి 1939లో ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే యూదు డాక్టరు 1944లో స్టోక్ మాండవిల్‌లో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల కోసం వార్డు తెరిచారు. అప్పటిదాకా అలాంటి సైనికులు పుండ్లు పడి, మూత్రంలో చీము పట్టి నెలల్లో పోయేవారు. ఆయన చేసింది మొదట మేం చేసిన పనే, రెండు గంటలకోసారి పక్కకు తిప్పించడం. తర్వాత వాళ్లతో ఆటలాడించారు. 1948లో చక్రాల కుర్చీల్లో మొదలైన ఆ పోటీలే ఇవాళ్టి పారాలింపిక్స్. పెన్సిలిన్‌ను మందుగా మార్చినందుకు 1945లో నోబెల్ పంచుకున్న ఎర్నెస్ట్ చెయిన్ కూడా 1933లో జర్మనీ వదిలి వచ్చినవారే. నా వార్డులో ఒకతను సిరియా నుంచి వచ్చిన డాక్టరు, అక్కడ పిల్లల వైద్యుడు. అతను మా దగ్గర అసిస్టెంటుగా పక్కలు మార్చేవాడు. శరణు దరఖాస్తు తేలేదాకా చాలాకాలం పని చేయనివ్వరు, తేలాక డాక్టరుగా మళ్లీ పరీక్షలు రాయాలి. టీ గదిలో పుస్తకం పెట్టుకుని చదివేవాడు. తయారుగా ఉన్న డాక్టరు అలా ఏళ్లు ఖాళీగా పోవడం నాకు ఇప్పటికీ బాధే.

మన గోదావరి గట్టు మీది మనిషి గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదివారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చి పూర్తి డిగ్రీ కాకుండా చిన్న డిగ్రీతో సరిపెట్టారు. అన్నదమ్ములిద్దరు విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. 1922లో అమెరికా వెళ్లారు. మామగారు కొంత సర్దారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. ఆ నాయకర్ గారు ఎవరనుకున్నారు? కోరంగి వైపు నుంచి రంగూన్ వెళ్లి, అక్కడ సంపాదించి, ఆ డబ్బు ధర్మానికి రాసిన మనిషి. అంటే ఒక వలసమనిషి బర్మాలో కూడబెట్టిన సొమ్ము ఇంకో వలసమనిషికి బాస్టన్ దారి చూపింది. బాస్టన్‌లో సుబ్బారావు గారు చదువుకుంటూ రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో పోర్టరుగా చేశారు. రోగుల బెడ్‌పాన్‌లు ఎత్తిపోసే ఉద్యోగం. తర్వాత హార్వర్డ్‌లో కండరాల్లో శక్తి ఎలా నిలవుంటుందో కనిపెట్టినవారిలో ఒకరయ్యారు. లెడర్లె అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు పెద్దగా ఉన్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. మీరు కడుపుతో ఉన్నప్పుడు ఏఎన్ఎమ్ ఇచ్చిన ఐరన్ మాత్రలో అదే ఉంటుంది. పిల్లల నెత్తురు క్యాన్సర్‌కి మొదటిసారి పనిచేసిన మందు, ఇవాళ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్, అక్కడివే.

బోదకాలుకి ఇచ్చే హెట్రజాన్ మాత్ర కూడా ఆయన బృందం చలవే. మా నాయనమ్మ ఎడమ కాలు బోదకాలు. వారం బాగుంటే వారం గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వచ్చేది. కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా పాత గుడ్డతో అద్దడం చిన్నప్పుడు నా పని. తడి మిగిలితే ఒరిసి, అక్కడినుంచి మళ్లీ జ్వరం. మన కాలవగట్ల మురుగునీళ్లలో పెరిగే దోమ తెచ్చే ఆ జబ్బుకి ఇచ్చే మాత్ర 1947లో అమెరికాలో తయారైంది, చేయించింది భీమవరంలో పుట్టిన మనిషి. మొదలైపోయిన వాపు అది తగ్గించదు. నెత్తురులో పురుగు పిల్లల్ని చంపి, దోమ ద్వారా ఇంకొకరికి అంటకుండా ఆపుతుంది. నాయనమ్మ కాలు ఆమెతోనే పోయింది. మా తరంలో మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

1946 దాకా అమెరికాలో భారతీయులకు పౌరసత్వం పొందే వీలే లేదు. ఆయన 1948లో అక్కడే పోయారు, మళ్లీ ఇండియాకి రాలేదు, భార్యని చూడలేదు. కాబట్టి వలస అంటే అంతా లాభమేనని మీకు చెప్పలేను.

నాకూ అంతే అయింది. 2000ల్లో ఎన్‌హెచ్‌ఎస్ నిబంధనల్లో ఒకటి ఉండేది. ఇండియాలో బ్రిటన్ సాయం అందుకుంటున్న నాలుగు రాష్ట్రాల నుంచి నర్సుల్ని పిలిపించుకోకూడదు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడే నర్సులు చాలరు కదా అని. మంచి నిబంధనే. సొంతంగా దరఖాస్తు పెట్టుకునేవాళ్లకి అడ్డు లేదు, నేను అలా వెళ్లాను. వెళ్లినప్పుడల్లా మా అమ్మని పక్కింటివాళ్లకి అప్పజెప్పి వెళ్లేదాన్ని. 2016లో అమ్మ పడిపోయి మంచాన పడింది. ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి పధ్నాలుగు నెలలు చూసుకుంది. అమ్మకి ఒడియా రాదు, ఆ పిల్లకి తెలుగు అంతంతమాత్రం. నేను వీడియో కాల్‌లో మడమ చూపించమని, చేత్తో తడిమి వేడిగా ఉందా, గట్టిగా ఉందా చెప్పమని అడిగేదాన్ని. "వేడి లేదు దీదీ" అనేది. అమ్మ పోయినప్పుడు ఒంటి మీద ఒక్క పుండు లేదు.

అందుకని మీ వారితో ఈ మాట నెమ్మదిగా చెప్పండి. చెరువుల మీద పని మన పిల్లల చేతిలోంచి లాక్కుని వాళ్లు రాలేదు. మన పిల్లలు కువైట్, మస్కట్, హైదరాబాద్ వెళ్లారు. ఆ ఖాళీలోకి వీళ్లు వచ్చారు. నాట్లకి బెంగాల్ కూలీలు రాకపోతే మా ఊళ్లో సగం చేలు ఆలస్యమయ్యేవి. కూలి రేటు వాళ్ల వల్ల పెరగడం లేదన్న మాట వింటుంటాను, అందులో కొంత నిజం ఉండొచ్చు. దానికి మందు వాళ్లని తిట్టడం కాదు, వాళ్లకీ మనకీ ఒకే కూలి ఇప్పించడం. మన పెద్దిళ్ల గుమ్మాలకి రంగూన్ టేకు ఉంది. 1942లో జపాన్ బాంబులకి భయపడి బర్మా నుంచి లక్షలమంది భారతీయులు, అందులో మన కోస్తావాళ్లు ఎందరో, అడవుల్లో నడిచి వచ్చారు. వాళ్లు శరణార్థులే కదండీ.

మీ అమ్మాయి సంగతి. వెళ్లనివ్వండి, కానీ ఇక్కడ రెండేళ్లు వార్డులో పనిచేశాక. ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ అయినా ఐఈఎల్‌టీఎస్ అయినా ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి. ఇంటర్వ్యూ చేసే ఆసుపత్రి నర్సు దగ్గర ఉద్యోగం కోసం డబ్బు అడగదు. అడిగే ఏజెంటు ఉంటే అక్కడితో ఆపేయండి. కేర్ వర్కర్ ఉద్యోగాలకి బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జులైలో ఆపేశారు, నర్సు ఉద్యోగం అది కాదు, ఎవరైనా రెండూ ఒకటే అంటే నమ్మకండి. గల్ఫ్ అయితే 2015 నుంచి చాలా దేశాలకి నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి, మన రాష్ట్రంలో ఓంక్యాప్ ఉంది. ఇంగ్లండ్‌లో నేను మొదట చేరిన నర్సింగ్ హోమ్ వాళ్లు, నేను అక్కడ నర్సుగా నమోదు కావడానికి మూడు నెలల్లో పెడతామన్న సంతకం కోసం పదకొండు నెలలు తిప్పించి, అంతకాలం ఆయా జీతమిచ్చి నర్సు పని చేయించుకున్నారు. కాంట్రాక్టు కాగితం చదవకుండా విమానం ఎక్కినందుకు జరిగింది. ఆమె చదివాకే ఎక్కాలి.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఒకటి చెప్తాను. మా ఆరోగ్య కేంద్రం వాళ్లు బోదకాలు పరీక్షకి రాత్రి రక్తం తీసేటప్పుడు నన్నూ తోడు రమ్మంటారు. ఆ పురుగు పిల్లలు నెత్తురులోకి రాత్రిపూటే ఎక్కువగా వస్తాయి కాబట్టి పది దాటాక తీస్తేనే దొరుకుతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు జాబితాలో ఊరి ఇళ్లే ఉన్నాయి. ఉప్పలగుప్తం వైపు చెరువుల మీది షెడ్లు లేవు. దోమ రేషన్ కార్డు చూసి కుట్టదు కదా అని అడిగితే, వాళ్లూ ఒప్పుకుని జాబితాలో కలిపారు. రెండోసారి ఆ షెడ్ల దగ్గరికి వెళ్లాం. ఏరేటర్ల మోత, టార్చి వెలుగులో ఒక బీహార్ కుర్రాడు చేయి చాపాడు. వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద చుక్క తీసి, పేరు రాశాం. లోపల పడుకున్న వాళ్లన్నని కూడా అతనే లేపుకొచ్చాడు. పది రోజులకి ఫలితం వచ్చింది. అన్నకి ఉంది. పన్నెండు రోజులు అన్నం తిన్నాక వేసుకోవాలని మాత్రలు ఇచ్చి, మూడో రోజు నేను వెళ్లి చూశాను. స్టీలు డబ్బాలో లెక్కపెట్టి దాచుకున్నాడు, ఇంకా తొమ్మిది రోజులవి మిగిలాయి.